పళ్ళ మధ్య పిన్నులు

"తలుపు తియ్యరా. నీ మొహం చూసి పోదామని వచ్చాను, తలుపు మొహం చూడ్డానికి కాదు," అన్నారు అన్నయ్యగారు మూడోసారి.

లోపలి నుంచి కుర్చీ చక్రాలు కదిలిన చప్పుడు మాత్రం వచ్చింది.

అన్నయ్యగారంటే మా ఆయన అక్కగారి భర్త. పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ దిగారు. నేను పెట్టిన టీ వదిన చేతిలో చల్లారిపోతోంది. పాపను భుజాన వేసుకుని, ఎటు వెళ్ళాలో తెలియక, నేను వంటగది గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"చిన్నప్పుడూ ఇంతే," అంది వదిన. "ఆటలో ఓడితే మంచం కింద దూరేవాడు. చీపురుతో పొడిచి బయటికి లాగేదాన్ని. ఇప్పుడు చీపురుకి అందడు."

నవ్వాలో వద్దో తెలియలేదు. పాప వీపు మీద చెయ్యి వేసి ఊపిరి చూసుకున్నాను. ఏం తోచకపోతే అదే చేస్తాను.

శనివారం డాక్టర్లకి తన సాఫ్ట్‌వేర్ చూపించినప్పుడు జరిగిన అవమానం నుంచి మా ఆయన ఇంకా తేరుకోలేదు. చెప్పింది చెప్పినట్టు రాసుకునే సాఫ్ట్‌వేర్ అది. చేతులతో పని లేదు, నోటితో చెబితే చాలు, తెర మీద అక్షరాలు పడతాయి. ఉద్యోగం మానేసి ఏడాదిపాటు దానికే అంకితమయ్యారు. తీరా పెద్ద డాక్టరుగారు గంభీరంగా, మాట మాట విడదీసి చెబితే, ఆయన చెప్పినదానికీ తెర మీద పడినదానికీ పొంతనే లేకపోయింది. హాలంతా నవ్వింది. అంతకుముందు వకీళ్ళు. వాళ్ళకంటే ముందు బడి పంతుళ్ళు. అందరూ చూశారు, అందరూ మాకొద్దన్నారు.

గడియ తీసిన చప్పుడైంది. ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. గడ్డం మాసిపోయి ఉంది. చెవుల్లోంచి తీసిన ఇయర్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి.

"ఇప్పుడు చెప్పు," అన్నారు అన్నయ్యగారు. "ఇది ఎవరి కోసం చేశావు?"

"అందరికీ పనికొస్తుంది బావా."

"అందరూ అంటే ఎవర్రా? అందరూ అనే మనిషి నాకు ఏ వీధిలోనూ ఎదురుపడలేదు. ఒక్క మనిషిని చూపించు. ఇది లేకపోతే పొద్దు గడవదనే మనిషిని, ఒక్కణ్ణి."

ఆయన నేల చూశారు.

"అదీ సంగతి. మా కంపెనీ గోదాములో కంప్యూటర్లు చూసే మనిషి కావాలట. నేను మాట్లాడాను. సోమవారం చేరాలి."

"ఏ గోదాము?"

"ఇక్కడ కాదు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరతావు. గదికి నలుగురు మగాళ్ళు. సంసారాలు పెట్టనివ్వరు."

"మరి మేము?" అన్నాను. ఎవరికీ వినపడలేదనుకున్నాను, కానీ వదిన వింది.

"మా ఇల్లు లేదూ? మేడ మీద గది ఖాళీగానే ఉంది. నువ్వూ పిల్లా వచ్చి ఉండండి. రెండు మూడేళ్ళు ఎంతలో తిరిగొస్తాయి!"

పాపకింకా ఏడాది నిండలేదు. రెండు మూడేళ్ళంటే దాని వయసుకి రెండు మూడింతల పైనే. అప్పటికి నాన్న అనే మాట ఎవరిని చూసి నేర్చుకుంటుంది?

"శుక్రవారం మళ్ళీ వస్తాం," అన్నారు అన్నయ్యగారు. "ఈలోపు మనిషిని చూపిస్తే సరే సరి. లేకపోతే బట్టలు సర్దుకో."

"అలాగే," అన్నారు ఆయన.

అంతే. అలాగే అన్నారు. నా వైపు ఒక్కసారైనా తల తిప్పలేదు.

వెళ్తూ వెళ్తూ వదిన నా గౌను చూసి మొహం చిట్లించింది. "మా ఇంటికి ఈ గోనెసంచీ వేసుకుని రాకు తల్లీ. నలుగురూ వచ్చే ఇల్లు. ఎక్కడైనా బిగించి కుట్టించుకో."

వాళ్ళు వెళ్ళాక, వదిన తాగకుండా వదిలేసిన టీ పారబోశాను.

ఆయన మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నారు. నేను వెళ్ళి వెనక నిలబడ్డాను.

"మమ్మల్ని వదిలి ఉండగలరా?"

ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకున్నారు. సన్నగా బయటికి వినిపిస్తోంది. "ముప్ఫై నాలుగు... ముప్ఫై నాలుగున్నర... ముప్ఫై ఐదు..."

అది నా గొంతు.

సాఫ్ట్‌వేరుకి మాటలు నేర్పాలంటే ఎవరో ఒకరు గంటల తరబడి మాట్లాడాలట. అంత ఓపికగా మాట్లాడే మనుషులను ఎక్కడి నుంచి తెస్తారు? ఇంట్లో నేనున్నాను. చదువు మధ్యలో ఆగిపోయినదాన్నయినా, అంకెలు చదవడం వచ్చు కదా అన్నారు. చదవాల్సిన అంకెలూ మాటలూ గోడకి అంటించేవారు. నా ఫోనులో ఆ సాఫ్ట్‌వేరు పెట్టి పక్కన ఉంచేవారు. నేను పాపకి గుడ్డలు కడుతూ, గిన్నెలు కడుగుతూ, బట్టలు ఆరేస్తూ చదివేదాన్ని. పగలంతా అదే పని.

అలా నా గొంతు ఆయన చెవుల్లో పొద్దంతా ఉంటుంది. నేను పిలిస్తే మాత్రం వినపడదు. పాపకి జ్వరం వచ్చిన రోజు నాలుగుసార్లు పిలిచాను. ఆయన నా గొంతే వింటూ కూర్చున్నారు, వేరే రోజుది.

*

మర్నాడు గౌను తీసుకుని సూదక్క కొట్టుకి వెళ్ళాను.

వీధి చివర, మందుల షాపు పక్కన ఉంటుంది. ఆడవాళ్ళకే కుడుతుంది. ముందు రెండు మిషన్లు, వెనక కొలతలు తీసుకునే చోటు, మధ్యలో మందపాటి తెర. అసలు పేరు ఎవరికీ తెలియదు. నోట్లో ఎప్పుడూ గుండుసూదులు పట్టుకుని ఉంటుందని అందరూ సూదక్క అంటారు, ఆవిడా పలుకుతుంది.

"బిగించాలా? వదులు చెయ్యాలా?"

"బిగించాలి అక్కా. ఊరెళ్ళాలి."

"పుట్టింటికా?"

"కాదు."

నా గొంతులో ఏం వినపడిందో, ఇంకేం అడగలేదు. తెర వెనక్కి తీసుకెళ్ళి గౌను తొడిగించి, నడుము దగ్గర గుడ్డ లాగి పిన్ను గుచ్చింది. పాప నా చంకలో ఏడుపు మొదలుపెట్టింది. బయట ఆవిడ చెల్లెలు మిషను తొక్కుతోంది. తల మీద ఫ్యాను కీచుమంటోంది.

సూదక్క టేపు పట్టి చూసింది, నోట్లోంచి పిన్నులు తీసి బల్ల మీద పెట్టింది, పెన్ను వెతికింది, రాసింది, పిన్నులు మళ్ళీ నోట్లో పెట్టుకుంది. మళ్ళీ టేపు. మళ్ళీ పిన్నులు బయటికి.

"రాసిపెట్టే పిల్ల పెళ్ళి చేసుకుని పోయింది," అంది విసుగ్గా. "కొత్తదాన్ని పెడితే నేను చెప్పింది దానికి అర్థం కాదు. 'నోట్లో పిన్నులు తీసి చెప్పక్కా' అంటుంది. తీసి చెప్పేదాన్నయితే నేనే రాసుకోనా?"

"నేను రాయనా అక్కా?"

"రెండు చేతులతో పిల్లని పట్టుకుని దేంతో రాస్తావు, ముక్కుతోనా?"

నిజమే. ఫోను పక్కన పెట్టిన నా సంచీలో ఉంది. ఎందుకు తీశానో కూడా ఆలోచించలేదు. అలవాటుగా ఒక చేత్తో సాఫ్ట్‌వేరు తెరిచి బల్ల మీద పెట్టాను. "దీనికి చెప్పు అక్కా. రాసుకుంటుంది."

"పిన్నులు తియ్యాలా?"

"ఏమో. ఉండనివ్వు."

పళ్ళు బిగించి, పెదాలు కదపకుండా ఏదో గొణిగింది. పక్కనే ఉన్న నాకే సగం అర్థం కాలేదు. పాప గుక్క పట్టింది. మిషను గడగడలాడుతోంది.

ఫోను మీద పడింది: నడుము ముప్ఫై ఒకటిన్నర. భుజం పద్నాలుగు. ఊపిరి బిగబట్టకు పిల్లా. చెయ్యి పొడవు ఇరవై ఒకటి.

సూదక్క ఫోనులోకి వంగింది. టేపు చూసింది. మళ్ళీ ఫోను చూసింది. పిన్నులన్నీ అరచేతిలోకి ఊసింది.

"ఓసి దీని దుంపతెగ! నిన్ను కసిరింది కూడా రాసింది."

"తప్పుందా అక్కా?"

"ఒక్కటీ లేదు. మా ఆయన నాతో పాతికేళ్ళు కాపురం చేశాడు. నా నోట్లో పిన్నులుంటే ఒక్క ముక్క ఆయనకి ఎక్కేది కాదు." ఫోను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఎవరు చేశారు దీన్ని?"

"మా ఆయన."

"అమ్ముతాడా?"

ఆ మాట అడిగిన మనిషి అప్పటిదాకా మాకు తగల్లేదు. తల ఊపాను.

"మా కుట్టుపనివాళ్ళ సంఘం ఉంది పిల్లా, చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి. అందరి నోళ్ళలోనూ పిన్నులే. రాసే మనిషి నిలిచిన కొట్టు లేదు. ఆదివారం మీ ఆయన్ని..." మధ్యలోని గుడ్డ తెర వంక చూసి ఆగింది. "ముందు నన్నిది సరిగ్గా చూడనీ. తర్వాత మాట్లాడదాం."

*

"దర్జీలా?" అన్నారు ఆయన.

గుమ్మంలో చెప్పులు కూడా విడవకుండా అంతా చెప్పేశాను. ఆ మొహంలో వెలుగు వస్తుందనుకున్నాను. రాలేదు.

"డాక్టర్ల కోసం చేసింది దర్జీలకి ఇవ్వమంటావా?"

"డాక్టర్లు వద్దన్నారుగా."

"అది నాకు గుర్తు చెయ్యక్కర్లేదు."

"గుర్తు చెయ్యడం లేదండీ. వాళ్ళకి కావాలంటున్నారు. అన్నయ్యగారు ఒక్క మనిషిని చూపించమన్నారు. నేను..."

"ఏదో ఒక్కసారి సరిగ్గా రాసింది. అదృష్టం. రెండోసారి రాయదు. డాక్టరు అంత స్పష్టంగా చెబితే రాయనిది, నోట్లో గుండుసూదులు పెట్టుకుని గొణిగితే రాస్తుందా? ఎవరికి చెబుతావు?"

పాపని తొట్టెలో పడుకోబెట్టి, వదిన ఇంటికి తీసుకెళ్ళాల్సిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టాను. చిన్న చొక్కా, చిన్న చొక్కా, చిన్న టోపీ. మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టాను.

ఆయన కాసేపు చూశారు. తర్వాత గది తలుపు మూసుకుంది.

కానీ పొద్దున్నే గడ్డం గీసుకుని బయటికి వచ్చారు. "ఆ కొట్టెక్కడ?" అన్నారు, నా వైపు కాకుండా గోడ గడియారం వైపు చూస్తూ.

సూదక్క ఆయన్ని తెర దాకా కూడా రానివ్వలేదు. ఆయన ఫోనుతో నన్ను లోపలికి పంపి, దానికి కలిపిన కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని బయట స్టూలు మీద కూర్చున్నారు. ఒకరి తర్వాత ఒకరు కొలతలకి వచ్చారు. లోపల సూదక్క గొణుగుతుంటే బయట ఆయన కంప్యూటరు మీద అక్షరాలు పడుతున్నాయి.

"బయట ఎవరో మగాయన కూర్చున్నాడే!" అంది లోపల ఒకావిడ కంగారుగా, గౌను దగ్గరికి లాక్కుంటూ.

"ఆయన మగాయన కాదులే, కంప్యూటరాయన," అంది సూదక్క పిన్నుల మధ్య నుంచి.

అది కూడా ఆయన కంప్యూటరు మీద పడి ఉంటుంది. నేను తెర సందులోంచి చూశాను. ఆయన నవ్వుతున్నారు. ఆ నవ్వు చూసి ఎంత కాలమైందో!

ఇంటికి నడిచి వస్తున్నాం. ఆయన కంప్యూటరు సంచీ ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంటున్నారు. మందుల షాపు దాటాక ఆగిపోయారు.

"నువ్వు చదివేటప్పుడు నోట్లో ఏం పెట్టుకునేదానివి?"

"ఎప్పుడు?"

"అంకెలు చదివేటప్పుడు."

ఆలోచించాను. "పాప గుడ్డలకి పెట్టే పిన్నీసు. ఎక్కడైనా పెడితే అది మింగేస్తుందేమోనని భయం. అందుకని పళ్ళ మధ్య పెట్టుకునేదాన్ని."

"ప్రతిసారీనా?"

"రోజంతా ఉండేదండీ. ఒక్కోసారి రెండు."

ఆయన రోడ్డు పక్కన గట్టు మీద కూర్చుండిపోయారు. "ఇన్ని నెలలూ దానికి నీ గొంతు తప్ప ఇంకేమీ పెట్టలేదు. నోట్లో పిన్నీసు, వెనక పాప ఏడుపు, కుళాయి చప్పుడు. అదే మాటంటే అనుకుంది అది. తేటగా మాట్లాడేవాడి మాట దానికి పరాయిదైపోయింది." నుదురు రుద్దుకున్నారు. "నీ మాటకి ఏదో అడ్డం వస్తున్నట్టు రోజూ వినిపించేది. మైకు పాడైందనుకున్నాను. రెండుసార్లు మార్చాను."

"నన్ను అడగాల్సింది."

"ఊఁ?"

"పక్క గదిలోనే ఉన్నానుగా. ఏంటది అని అడిగితే చెప్పేదాన్ని."

పాప ఆయన సంచీ పట్టీని పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. ఆయన విడిపించలేదు. చూస్తూ ఊరుకున్నారు. నేనే విడిపించాను.

*

శుక్రవారం అన్నయ్యగారూ వదినా బస్సు టికెట్టుతో సహా వచ్చారు. ఆ వెనకే సూదక్క వచ్చింది. మెడలో టేపు అలాగే ఉంది.

"ఈవిడెవరు?" అంది వదిన.

"మీరు చూపించమన్న మనిషి," అన్నారు మా ఆయన. "ఇది లేకపోతే పొద్దు గడవదనే మనిషి."

అన్నయ్యగారు ఆవిడని పైనుంచి కింది దాకా చూశారు. "ఒక్కరేనా?"

"ఒక్కరు చాలన్నారటగా మీరు," అంది సూదక్క. "అయినా ఒక్కదాన్ని కాదు. సంఘంలో అందరికీ ఫోన్లు చేశాను. ముందు మా కొట్టుకి తెచ్చినట్టే ప్రతి కొట్టుకీ తీసుకెళ్ళి చూపించాలి. ఒక్కో చోట నాలుగు రోజులు పక్కన కూర్చుని అలవాటు చెయ్యాలి. ఎవరి నోటి తీరు వాళ్ళది. అది నేర్చుకోవాలి కదా."

అన్నయ్యగారి మొహం విప్పారింది. బావమరిది వీపు మీద చరిచారు. "ఇదిరా కావాల్సింది! అందరికీ అమ్ముతానంటే ఎవడూ కొనలేదు. నోట్లో పిన్నులున్నవాళ్ళకి అన్నావు చూడు, వెతుక్కుంటూ వచ్చారు."

ఆ మాట అన్నది ఆయన కాదని ఎవరూ సరిచెయ్యలేదు. నాకు అక్కర్లేదు కూడా. ఆయన ఇంట్లో ఉంటారు. అది చాలు. మేడ మీద గది వద్దు, మడతపెట్టిన చొక్కాలు మళ్ళీ అలమరలో పెట్టుకోవచ్చు. ఊపిరి పీల్చుకున్నాను.

"అయితే సోమవారమే బయల్దేరతాను," అన్నారు ఆయన. "ఊరూరా తిరిగి నేనే చూపిస్తాను."

గోదాముకైతేనేం, కొట్లకైతేనేం. ఆయన్ని ఆపాలని నేను వెతికిన దారి ఆయన్నే తీసుకుపోతోంది.

సూదక్క నవ్వింది. "మీరా? తెర అవతల స్టూలు మీద కూర్చుని ఏం నేర్పుతారు? మా కొట్టు కాబట్టి వీధిలో అయినా ఉండనిచ్చాను. మిగతావాళ్ళు గుమ్మం కూడా ఎక్కనివ్వరు. కొలతలు తీసుకునే చోట ఆడమనిషి ఉండాలి."

"మరి ఎవర్ని పంపుతాం?" అన్నారు అన్నయ్యగారు. "దాని సంగతి తెలిసిన ఆడవాళ్ళు ఎవరున్నారు?"

సూదక్క నా వైపు చూసింది. తర్వాత మా ఆయన చూశారు. తర్వాత అందరూ చూశారు.

"బాగుంది వరస!" అంది వదిన. "చంటిపిల్ల తల్లిని ఊళ్ళు తిప్పుతారా?"

"పిల్ల మెత్తగా నలిపి పెడితే తింటోందిగా," అంది సూదక్క. "నాలుగు రోజులు వెళ్ళడం, రెండు రోజులు ఇంటికి రావడం."

"తను ఒంటరిగా బస్సెక్కలేదెప్పుడూ," అన్నారు ఆయన నెమ్మదిగా. "భయం తనకి."

నిజమే. పక్క వీధికి వెళ్ళినా గ్యాసు కట్టేశానా లేదా అని వెనక్కి వచ్చే మనిషిని నేను.

"అయితే పిల్లని నా దగ్గర వదలండి," అంది వదిన, లేచి పాప కోసం చేతులు చాపుతూ.

"వద్దక్కా. నా దగ్గరే ఉంటుంది," అన్నారు మా ఆయన.

వదిన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. "నీ దగ్గరా? ఏనాడైనా దాని ముక్కు తుడిచావురా?"

"లేదు."

ఆయన దగ్గరికి వచ్చి పాపని అందుకున్నారు. ఎలా పట్టుకోవాలో తెలియక మోచేతిలో ఇరికించుకున్నారు. మెడ కింద చెయ్యి పెట్టండి అని అరవబోయి ఆపుకున్నాను. చెవి పట్టుకుంటే తప్ప నిద్రపోదని ఈయనకి తెలుసా? పాలు ఎంత వెచ్చగా ఉండాలో తెలుసా? నాలుగుసార్లు పిలిచినా వినపడని మనిషికి దాని ఏడుపు వినపడుతుందా?

ఆయన మెడలో ఇయర్‌ఫోన్లు లేవు. అప్పుడే గమనించాను.

"వెళ్తావా?" అన్నారు.

ఏడాదిగా ఆయన నన్ను అడిగినవన్నీ చదవమనే. నీకేం కావాలి అని అడిగినట్టున్న మాట ఇదొక్కటే. వదిన పెదవి విరిచి చూస్తోంది. అన్నయ్యగారు చేతిలోని టికెట్టును మడుస్తూ విప్పుతున్నారు. పాప ఆయన చొక్కా గుండీ పట్టుకుని నా వంక చూసింది.

వెళ్ళనని చెప్పడానికే నోరు తెరిచాను.

"మొదటి బస్సు ఎన్నింటికి?"

అలా అడిగింది నా గొంతే.